పాము వరస

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం ఇచ్చింది నా చేతికి వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ. రోజూ కుడిచేత్తో కొంచెమైనా రాయాలట. ఏం రాయను అంటే, "మీ ఇష్టం. ఎవరికీ చూపించక్కర్లేదు, నాకు కూడా," అంది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కాలు తిరిగొచ్చింది, మూతి వంకర పోయింది, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఇంతవరకు రాయడానికే అరగంట పట్టింది. అక్షరాలు చూస్తే ఒకటో తరగతి పిల్లలు నయం.

ఈ రోజు బావమరిది తన షాపు నుంచి టీవీ పంపాడు. నలభై మూడు అంగుళాలు, గోడకి బిగించేది. "బావ ఇంట్లోనే కూర్చుంటున్నాడుగా, కాలక్షేపానికి ఉంటుంది" అని వాళ్లక్కతో ఫోన్లో అన్నాడు. ఫోను స్పీకర్లో ఉందని వాడికి తెలియదు.

ఇంట్లో కూర్చునేవాణ్ణి. సరే.

మార్చి 4, మంగళవారం

పదకొండింటికి షాపు ఫిట్టర్ వచ్చాడు. మనిషి మంచివాడే. టేపు పెట్టి కొలిచాడు, మా అమ్మ మంచం ఎక్కడుందో చూశాడు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెన్సిల్ గీత పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వేళ్లు మడిచి గోడ మీద కొట్టి చూడబోయాడు.

"ఆగు," అన్నాను. "ముందు ఆ డ్రిల్లు ఇటు చూపించు."

హ్యామర్ స్విచ్, అంటే తిరుగుతూనే దెబ్బలు కొట్టేది, వేసి ఉంది. టైలు మీద హ్యామర్ పెడితే పైన గాజుపొర ఎలా పగులుతుందో పది నిమిషాలు చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్లు టైల్స్ మేస్త్రీగా బతికినవాణ్ణి, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది. అతను ఓపిగ్గా విని స్విచ్ తిప్పి, "ఇప్పుడు సరేనా అండీ?" అన్నాడు. నిజానికి సరే. అయినా వద్దన్నాను.

"ఈ గోడకి టైల్స్ పెట్టింది నేను. టీవీ కూడా నేనే బిగిస్తాను."

అతను నా కుడిచెయ్యి వైపు చూశాడు. చూడనట్టు నటించి, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఆ సంతకానికి నాకు పట్టిన సేపట్లో అతను రెండు రంధ్రాలు వేసేసేవాడు.

వంటగది గుమ్మంలో నిలబడి నా భార్య అంతా చూసింది.

"పంపించేశారా?"

"పంపించేశాను."

ఇంకేం అనలేదు. ఆవిడ నాలుగు మాటలంటే నేను ఎనిమిది అనగలను. ఏమీ అనకపోతేనే కష్టం.

మార్చి 5, బుధవారం

ఈ రోజు కరెంటు లేదు. లేకపోతే బిగించేసేవాణ్ణే.

మార్చి 6, గురువారం

కరెంటు ఉంది. బిట్టు లేదు.

టైలుకి వేరే డ్రిల్లు బిట్టు ఉండాలి, చివర బాణం మొనలా సూదిగా ఉండేది. నా సంచిలో ఉన్నవి మొద్దుబారాయి. నడుచుకుంటూ హార్డ్‌వేర్ షాపుకెళ్లాను. షాపాయన నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ షాపులో నేను కూర్చోవడం ఇదే మొదటిసారి. కుర్చీ ఒకటుందని కూడా నాకు తెలియదు.

టీవీ పెట్టె హాల్లో నిలబెట్టి ఉంది. అందరం దాన్ని చుట్టి తిరుగుతున్నాం. మా అమ్మ తన తువ్వాలు దాని మీద ఆరేసింది. "పెట్టెలో ఉన్న టీవీ కంటే ఆ గోడే నయం రా. కనీసం టైల్స్ మీది పువ్వులు కనిపిస్తాయి," అంది. అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి నేనిచ్చిన జవాబు ఆవిడకి అందలేదు. మంచిదే అయింది.

మార్చి 7, శుక్రవారం

పొడుగు మేస్త్రీ ఫోన్ చేశాడు. ఇద్దరం ఒకే ఆయన దగ్గర పని నేర్చుకున్నాం. వాడు కాంట్రాక్టరయ్యాడు, నేను మేస్త్రీగానే ఉండిపోయాను. ఒక ఆస్పత్రికి మూడంతస్తుల గోడ టైల్స్ పని వచ్చిందట. ఇరవై నాలుగున మొదలు.

"చెయ్యెలా ఉందిరా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"నిజం చెప్పు. మొహమాటానికి నిన్ను తీసుకుంటే రేపు మధ్యలో ఇద్దరం ఇరుక్కుంటాం. పదిహేడున అటువైపు వస్తున్నాను, ఇంటికొచ్చి చూస్తాను. కుదరదంటే నీ టైలు కటింగ్ మిషను నాకిచ్చెయ్. ఊరికే తుప్పు పట్టించడం ఎందుకు?"

ఇక్కడ రాసిపెడుతున్నాను. వాడొచ్చేలోగా ఈ టీవీని నా చేత్తో, ఒక్క టైలు పగలకుండా గోడకెక్కిస్తే పనికెళ్తాను. ఎక్కించలేకపోతే కటింగ్ మిషనే కాదు, తాపీతో సహా సంచి మొత్తం వాడి బండిలో పెట్టేస్తాను. తర్వాత టీవీ చూస్తూ కూర్చుంటాను. తాడో పేడో.

చేతిరాత ఈ రోజు కాస్త నిలబడింది.

మార్చి 8, శనివారం

పెరట్లో సాధన. ఇంటి పని అయినప్పుడు మిగిలిన టైల్స్ ఐదు, పంతొమ్మిదేళ్లుగా అటక మీద దాచినవి. గోడకి ఆనించి, కాగితం టేపు అడ్డంగా నిలువుగా అంటించి, దాని మీద బిట్టు పెట్టాను. టేపు ఉంటే మొన జారదు. ఇదంతా నేను వందమందికి నేర్పిన పనే.

డ్రిల్లు బరువు ఎడమచెయ్యి మోస్తుంది. బాధ వేలితోనే. కుడిచేతి చూపుడువేలు బటన్ నొక్కుతుంది, నొక్కి ఉంచమంటే ఉంచదు. ఒక్కసారి వదిలేస్తుంది, మళ్లీ ఉలిక్కిపడి గట్టిగా నొక్కుతుంది. మిషను ఆగి, ఎగిరి, పక్కకి కోసుకుపోతుంది. బటన్‌ని లాక్ చెయ్యొచ్చు. కానీ బిట్టు ఎక్కడైనా పట్టేస్తే మిషను మణికట్టు తిప్పేస్తుంది. ఉన్న సగం చెయ్యి కూడా పోతుంది.

మొదటి టైలు పగిలింది. రెండోది పగిలింది. మూడోది సగం దాకా బాగా వచ్చి పగిలింది.

నా భార్య చీపురు పట్టుకుని వచ్చి ముక్కలు ఊడ్చింది. "మూడోది బాగానే వచ్చిందండీ," అంది. పగిలిన టైలుని మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండింది.

"నీ పాము వరస కంటే నయమేలే," అన్నాను.

పాము వరస అంటే మా ఇంట్లో పాతమాట. హాలు గోడ వానల్లో చెమ్మ పట్టేదని దానికి పైదాకా టైల్స్ పెట్టాను. అప్పుడు నాకు సిమెంటు మాలు కలిపి అందించింది ఈవిడే, నాతోపాటు సైట్లకి కూడా వచ్చేది. మధ్యలో రెండు రోజులు నేను వేరే పని మీద వెళ్తే, కలిపిన మాలు గట్టిపడి పాడైపోతుందని నాలుగో వరస, ఐదో వరస తనే పెట్టేసింది. తిరిగొచ్చి చూస్తే ఆ రెండింటి మధ్య జాయింటు పాము పాకినట్టు వంకర్లు పోయింది. పడీ పడీ నవ్వాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను. ఎవరైనా తాపీ పట్టిన ఆడవాళ్ల మాటెత్తితే ఇప్పటికీ చూపిస్తాను.

ఈ రోజు ఆ మాటకి ఆవిడ నవ్వలేదు. ఇంతకు ముందు నవ్వేదా? గుర్తు చేసుకుంటున్నాను.

మార్చి 9, ఆదివారం

ఎవరికీ చూపించక్కర్లేని పుస్తకంలో కూడా ఆరు రోజుల నుంచి అబద్ధాలు రాస్తున్నాను.

బిట్టు లేదన్నది, కరెంటు లేదన్నది నిజమే. ఫిట్టర్‌ని పంపేసింది హ్యామర్ స్విచ్ కోసం కాదు. అతను గోడ మీద కొట్టి చూడబోయాడు కాబట్టి పంపేశాను.

నా భార్య, అమ్మ ఆస్పత్రికి వెళ్లారు, అమ్మ కళ్లు చూపించడానికి. ఇంట్లో ఎవరూ లేరు. స్టూలు వేసుకుని కూర్చుని కింది వరస నుంచి వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చాను. మొదటి వరస డొల్ల. రెండోది డొల్ల. మూడోది డొల్ల. నిలబడి ఆరో వరస కొట్టాను, అదీ డొల్ల. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టే ఉంది శబ్దం. మధ్యలో ఉన్న పాము వరసని కొట్టనేలేదు. మేస్త్రీ పెట్టినవే ఇలా ఉంటే, వాడిని చూసి పెట్టినవి ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి కొట్టి చూడక్కర్లేదు.

టైలు వెనక మాలు నిండా పూయాలి. పూసి, నొక్కి, సుత్తి పిడితో తట్టి గాలి లేకుండా కూర్చోబెట్టాలి. అది పద్ధతి. తొందరలో ఉన్నవాడు నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి అంటించేస్తాడు. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఐదు ముద్దలదే ఇంకా తిన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే ఎటు కావాలంటే అటు నొక్కి సరిచేసుకోవచ్చు. సైట్లో ఎవరైనా ఐదు ముద్దలు పెడితే టైలు పీకి వాడి కాళ్ల దగ్గర పడేసేవాణ్ణి. నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. ఆ పేరుతోనే నాకు పనులొచ్చాయి.

మా ఇంటికి మాత్రం ఐదు ముద్దలు పెట్టాను. వానలు వచ్చేస్తున్నాయి, బయట పని పిలుస్తోంది, నా ఇల్లే కదా, కొట్టి చూసేవాడెవడు అనుకున్నాను. పంతొమ్మిదేళ్లు ఎవరూ కొట్టి చూడలేదు.

డొల్ల టైలుకి రంధ్రం వేసినా, బోల్టు బిగించే సరికి వెనక ఆసరా లేక ఫట్టుమంటుంది. నాలుగు టైల్స్ పీకి కొత్తగా పెడదామంటే, ఆ రకం ఇప్పుడు ఎక్కడా తయారు కావట్లేదు. ఉన్న ఐదింట్లో మూడు నిన్న నేనే పగలగొట్టుకున్నాను.

చెయ్యి బాగుండి ఉంటే కూడా ఈ గోడ మీద బిగించలేకపోయేవాణ్ణేమో. ఈ మాట రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది.

మార్చి 10, సోమవారం

అయినా బిగిస్తాను. ఎలాగో తెలియదు.

మార్చి 11, మంగళవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా ఆపను.

పొద్దున్న పెట్టెలోంచి టీవీ తగిలించే బ్రాకెట్ తీసి, ఎక్కడ వస్తుందో కనీసం గుర్తులు పెడదామని గోడకి ఆనించాను. నాలుగో వరసలో రెండు రంధ్రాలు, ఐదో వరసలో రెండు. పాము వరస నడిబొడ్డున. ఎడమచేత్తో పట్టుకున్నాను, కుడిచేతికి పెన్సిల్ ఇచ్చాను. పెన్సిల్ జారింది. దాన్ని పట్టుకోబోతే బ్రాకెట్ చేజారి, ఇనప మూల వెళ్లి టైలుకి గట్టిగా తగిలింది.

కళ్లు మూసుకున్నాను, టైలు పోయిందనే అనుకున్నాను.

పోలేదు. గీత కూడా పడలేదు. అప్పటికి గాని చెవిలో పడిన శబ్దం బుర్రకెక్కలేదు. బండరాయికి తగిలినట్టు, టక్ అని, ముక్తసరిగా వచ్చింది.

వేలితో కొట్టాను. గట్టి. పక్కది కొట్టాను, గట్టి. వరసకి ఏడు చొప్పున పద్నాలుగు టైల్స్, మూలలు, మధ్యలు, అన్నీ కొట్టాను. ఒక్కటంటే ఒక్కటి డొల్ల లేదు. మళ్లీ మూడో వరసకి దిగి కొట్టాను, డబ్బా. పైకొచ్చి నాలుగో వరస కొట్టాను, బండ.

శబ్దానికి నా భార్య వంటగదిలోంచి వచ్చింది. నేను స్టూలు మీద కూలబడి ఉన్నాను.

"ఏమైందండీ? కళ్లు తిరుగుతున్నాయా?"

"ఈ రెండు వరసలకీ వెనక నిండా పూశావా?"

ఆవిడ నా వైపు చూసి, గోడ వైపు చూసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "పూయకపోతే మీరు ఊరుకునేవారా?"

"నేను ఐదు ముద్దలు పెట్టడం నువ్వు చూశావుగా. మాలు అందించిందే నువ్వు."

"చూశాను."

"మరి?"

"సైట్లో రోజూ అందరి మీదా అరిచేవారు కదండీ, నిండా పుయ్యండి, గాలి ఉండకూడదు అని. ఆ అరుపులు విని విని నాకూ వచ్చేసింది. ఇక్కడ మీరు ముద్దలు పెడుతుంటే ఏదో కారణం ఉండి ఉంటుందనుకున్నాను. నాకు ఆ కారణం తెలియదు కాబట్టి మీరు అరిచిందే చేశాను."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అన్నాను.

"ఎప్పుడు చెప్పనిచ్చారు? నోరు తెరిస్తే పాము పాము అని నవ్వేవారు. వంకరగా ఉన్న మాట నిజమేగా. నాకు చెయ్యి ఉంది గాని మీ కన్ను లేదు." అక్కడితో ఆపి, "మా తమ్ముడి ముందు కూడా నవ్వారు. అది మాత్రం బాగాలేదు," అంది.

పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్లిపోయింది. తల కొట్టేసినట్టయింది. క్షమించు అని అనలేకపోయాను. ఇక్కడ రాయడం తేలికే.

మార్చి 12, బుధవారం

డాక్టరమ్మ వేలు చూసి "ఇంకా ఆరు నెలలు పట్టొచ్చు" అంది. పూర్తిగా వస్తుందా అని నేను అడగలేదు.

మార్చి 13, గురువారం

గోడ సిద్ధంగా ఉంది. సాకులు అయిపోయాయి. టేపు అంటించాను, గుర్తులు పెట్టాను, హ్యామర్ ఆపు చేశాను, డ్రిల్లు ఎత్తాను.

వేలు వదిలేసింది. మళ్లీ పట్టింది. బిట్టు టేపు చింపుకుని అంగుళం పక్కకి జారి, పువ్వు మీదుగా తెల్లటి గీత గీసింది. టైలు పగల్లేదు. వెనక నిండుగా ఉంది కాబట్టి పగల్లేదు, నా టైలైతే అప్పుడే ముక్కలయ్యేది.

"మీరు గుర్తు పెట్టండి, నేను పట్టుకుంటాను," అంది నా భార్య.

"నువ్వు డ్రిల్లు ఎప్పుడైనా పట్టావా?" అని అరిచాను. "వంకర వరస పెట్టి గోడ పాడు చేసింది చాలదా?"

పాడు చేసింది ఎవరో తెలిసిన రెండు రోజులకే ఆ మాట అన్నాను. అలా నోరు పారేసుకోవడానికి పక్షవాతం కూడా అడ్డు రాలేదు.

మార్చి 14, శుక్రవారం

ఆవిడ మాట్లాడడం లేదు. టీ ఇస్తోంది, మందులిస్తోంది, మాట ఇవ్వడం లేదు. అమ్మకి ఏమీ వినపడదు గాని అన్నీ తెలుస్తాయి. "ఏం చేశావురా?" అంది నాతో. కోడలిని ఏం చేశావని అడగలేదు.

పొద్దుటి నుంచి ఏడో తేదీన రాసుకున్నది మళ్లీ మళ్లీ చదువుతున్నాను. "నా చేత్తో" అని రాశాను. రాసింది నేనే, చూసేవాడు ఎవడూ లేడు. కొట్టేయొచ్చు కూడా. కొట్టేయను. ఓడిపోయినట్టే లెక్క. కానీ టీవీ గోడకెక్కాలి. ఎక్కే తీరాలి. ఎవరి చెయ్యి అన్నది రేపు తేలుస్తాను.

మార్చి 15, శనివారం

పొద్దున్న నా భార్య టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు గ్లాసు తీసుకోకుండా డ్రిల్లు ఆవిడ ముందు పెట్టాను.

"మొన్నటి మాట తప్పు. పంతొమ్మిదేళ్ల నుంచి అన్న మాట కూడా తప్పే. నాకు నేర్పడం వచ్చు, నీకు పట్టుకోవడం వచ్చు. పట్టుకుంటావా?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి, డ్రిల్లు ఎత్తి బరువు చూసింది. "నేర్పండి. కానీ అరవకూడదు," అంది.

మిగిలిన రెండు టైల్స్ పెరట్లో పెట్టాం. ఒక్కటి చాలింది. రెండోది మళ్లీ అటక మీదకెళ్లింది.

హాల్లోకి వచ్చాం. గుర్తుల మీద టేపు అంటించాను. నెమ్మదిగా, బరువు వేయకుండా, మొన తనంతట తను దారి చేసుకోనివ్వమన్నాను. తడి స్పాంజి ఎడమచేత్తో టైలుకి ఆనించి వేడెక్కకుండా చూశాను. గాజుపొర దాటగానే శబ్దం మారుతుంది. "ఆపు" అందామనుకునే లోపే ఆవిడ ఆపింది. విన్నదన్నమాట. బిట్టు మార్చి గోడలోకి దింపింది. మధ్యలో నేను రెండుసార్లు ఏదో చెప్పబోతే, "మీరు మాట్లాడితే నాకు చెయ్యి వణుకుతోంది," అంది. నోరు మూసుకున్నాను.

నాలుగు రంధ్రాలు. ఒక్క పగులు లేదు. ప్లాస్టిక్ ప్లగ్గులు సుత్తి పిడితో తట్టి కూర్చోబెట్టింది. బోల్టులు తిప్పుతుంటే నేను చెవి గోడకి ఆనించి విన్నాను. గట్టిగా పట్టాయి.

ఇక్కడొచ్చింది అసలు చిక్కు. రసమట్టం పెట్టి బుడగ నడిమధ్యకి వచ్చేలా బ్రాకెట్ సరిచేస్తే, వెనక జాయింటు ఏటవాలుగా కనిపిస్తోంది. జాయింటుకి సమంగా పెడితే బుడగ పక్కకి పోతోంది.

"జాయింటు ప్రకారం పెట్టేద్దామండీ. ఎవరికీ తెలియదు," అంది.

"బుడగ ప్రకారమే పెడదాం," అన్నాను. ఎవరికీ తెలియదు అనుకుని చేసిన పనులు నాకు చాలు.

టీవీ ఎత్తడానికి నా చెయ్యి కూడా పనికొచ్చింది. వేళ్లతో కాదు. కింద కుడి మోచెయ్యి ఆసరా పెట్టాను, బరువంతా దాని మీదే ఆగింది. ఆవిడ కొక్కేలు తగిలించింది. నేను మోచెయ్యి నెమ్మదిగా తీశాను. టీవీ నిలబడింది. ఇద్దరం రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అమ్మ మంచం మీద నుంచి తల పక్కకి వంచి చూసింది. "వంకరగా పెట్టారేంట్రా?"

మార్చి 16, ఆదివారం

అమ్మ పొద్దున్నుంచి టీవీ చూస్తోంది. శబ్దం అక్కర్లేదట, బొమ్మ చాలట. రేపు పొడుగు మేస్త్రీ వస్తాడు. పనిముట్ల సంచి గుమ్మం దగ్గర పెట్టాను. ఇచ్చేయడానికో, మోసుకెళ్లడానికో ఇంకా నాకే తెలియదు. నా భార్యని ఒక మాట అడిగాను. జవాబు ఇవ్వలేదు గాని వద్దని కూడా అనలేదు.

మార్చి 17, సోమవారం

వచ్చాడు. కూర్చోకుండా నేరుగా టీవీ ముందుకెళ్లాడు.

"వంకరగా ఉందిరా."

రసమట్టం తెచ్చి టీవీ మీద పెట్టాను. బుడగ మధ్యలో నిలబడింది. వాడు టీవీ పక్కన వంగి జాయింటు చూసి నవ్వాడు. పాము వరస కథ వాడికీ తెలుసు, చెప్పింది నేనే. నవ్వుతూనే, అలవాటు కొద్దీ, వేలితో గోడ కొట్టాడు. మూడో వరస. నవ్వు ఆగింది. రెండోది కొట్టాడు. పైన ఆరోది కొట్టాడు.

"ఇవి ఎవరు పెట్టార్రా?"

"నేను."

నమ్మనట్టు చూశాడు. నాలుగో వరస కొట్టాడు, ఐదోది కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"ఇవి?"

"మా ఆవిడ. టీవీకి డ్రిల్లు వేసింది కూడా ఆవిడే. నా వేలు బటన్ మీద నిలబడడం లేదు. ఫోన్లో నీకు చెప్పింది అబద్ధం."

వాడు సంచి వైపు చూశాడు. నేను దాని ముందు నిలబడ్డాను.

"ఇద్దరినీ తీసుకో," అన్నాను. "మేస్త్రీగా ఆవిడని రాసుకో, హెల్పర్‌గా నన్ను."

"ఈ వంకరతో ఆస్పత్రి గోడా?"

"వంకర చూసుకోవడం నా పని. పక్షవాతం చేతికొచ్చింది, కళ్లకి రాలేదు. ఆవిడ పెట్టిన టైలు తిన్నగా ఉండేలా నేను చూస్తాను. నేను చూసిన టైలు ఊడకుండా ఆవిడ పెడుతుంది. వారం చూడు. నచ్చకపోతే సంచి నేనే తెచ్చి నీకిస్తాను."

వాడు వంటగది గుమ్మం వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు ఇష్టమేనా?"

నా భార్య నా వైపు చూడలేదు. "ఆయన సైట్లో అరవకుండా ఉంటే వస్తానన్నయ్యా," అంది.

అమ్మని ఎలా వదిలి వెళ్తారు అని వాడు అడిగాడు. అమ్మకి ఆ ప్రశ్న ఎలా వినపడిందో తెలియదు. "నాకు టీవీ ఉందిగా. మీరు అడ్డు తప్పుకోండి," అంది.

మార్చి 23, ఆదివారం

రేపు ఆరున్నరకి ఇద్దరం ఆస్పత్రి పనికి బయలుదేరాలి. సంచి ఎవరు మోయాలన్న దాని మీద గొడవ నడుస్తోంది. హెల్పరే మోయాలని నేను, ఎడమచేత్తో అంత బరువు వద్దని ఆవిడ.

మార్చి 25, మంగళవారం

నిన్న ఆవిడ తొంభై ఆరు టైల్స్ పెట్టింది. నేను దారం పట్టాను, బుడగ చూశాను, మూడుసార్లు ఆపించాను. అరవలేదు. ఒకసారి అరవబోయి దగ్గాను.

పొద్దున్న వెళ్లగానే అన్నీ వరసగా కొట్టి చూశాను. ఒక్కటీ డొల్ల లేదు. జాయింట్లు తిన్నగా ఉన్నాయి.

తొంభై ఏడోది నేను పెట్టాను. ఎడమచేత్తో, వెనక నిండా పూసి. చాలాసేపు పట్టింది. ఆవిడ నా వెనక నిలబడి నోరు మెదపకుండా చూసింది. అయ్యాక ముందుకొచ్చి, వేలు మడిచి, నా టైలుని నాలుగు మూలలా కొట్టింది. మధ్యలో కూడా కొట్టింది.

తర్వాత తొంభై ఎనిమిదోది అందుకుంది.